18446744073709551615: మీ ప్రోగ్రామ్ చూపించిన సంఖ్య, మల్లన పద్యంలోని సంఖ్య ఒకటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ప్రోగ్రామ్‌లో మైనస్ 1 వస్తుందనుకున్న చోట 18446744073709551615 అని ప్రింటైంది, ఇదేం సంఖ్య, ఇది ప్రధాన సంఖ్యా కాదా, కాకపోతే కారణాంకాలు చేత్తో కనుక్కోవడం కుదురుతుందా, దీనికి వేరే ప్రత్యేకత ఏమైనా ఉందా. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంటర్, డిగ్రీ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను, అన్ని సంఖ్యల్లోకీ నాకు చాలా ఇష్టమైనది ఇదే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. ఇది 2⁶⁴ − 1. ప్రధాన సంఖ్య కాదు, సరిగ్గా ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏ ప్రధాన సంఖ్యా రెండోసారి రాదు. కాగితం, పెన్సిలు ఉంటే ఈ ఏడింటినీ ఒక సాయంత్రంలో మీరే రాబట్టొచ్చు, ఎలాగో కింద చూపిస్తాను. మన కామాలతో రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615, అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్ల పైచిలుకు.

మీ ప్రోగ్రామ్ సంగతి త్వరగా ముగిస్తాను. గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకంలో మైనస్ అనేదే ఉండదు, సున్నాలోంచి 1 తీస్తే పాత స్కూటర్ మీటరును 00000 నుంచి వెనక్కి తిప్పినప్పుడు 99999 పడినట్టు, 64 బిట్లూ 1 అయిపోతాయి. ఎక్కువసార్లు ఇది లూప్‌ను పై నుంచి కిందికి నడిపి "సున్నా కంటే పెద్దది లేదా సమానం" అని షరతు పెట్టినప్పుడు జరుగుతుంది, ఆ షరతు ఎప్పటికీ తప్పు కాదు కాబట్టి లూప్ ఆగదు. వేరియబుల్‌ను గుర్తు ఉన్న రకానికి మార్చండి, లేదా షరతు మార్చండి.

ఇప్పుడు అసలు విషయం. 64 బిట్లూ 1 కావడమే ఈ సంఖ్యను విప్పే తాళంచెవి. 999999 ని చూడండి, ఇది 99తో భాగింపబడుతుందా అని అడిగితే ఎవరూ భాగాహారం చేయరు, 99 99 99 అని మూడు ముక్కలుగా కనపడుతూనే ఉంది, భాగిస్తే 10101. అలాగే 999తోనూ పోతుంది, 999 999 అని రెండు ముక్కలు. ద్విసంఖ్యామానంలో 64 ఒకట్లు కూడా అంతే, వాటిని రెండేసి కోస్తే ప్రతి ముక్కా 3, నాలుగేసి కోస్తే ప్రతి ముక్కా 15, ఎనిమిదేసి కోస్తే 255, పదహారేసి కోస్తే 65535, ముప్ఫై రెండేసి కోస్తే 4294967295. అంటే ఈ సంఖ్యలన్నీ దీనికి భాజకాలే, ఒక్క భాగాహారం కూడా చేయకుండానే తెలిసిపోయింది.

ఇదే సంగతి ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న వర్గాల భేదం సూత్రంతో ఇంకా శుభ్రంగా వస్తుంది. 2⁶⁴ అనేది 2³² వర్గం, 1 అనేది 1 వర్గం, కాబట్టి 2⁶⁴ − 1 = (2³² − 1)(2³² + 1). మొదటి బ్రాకెట్ మళ్లీ అదే రూపంలో ఉంది, దాన్ని మళ్లీ విడగొట్టండి, మళ్లీ, మళ్లీ, 64 కూడా రెండు ఘాతమే కాబట్టి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్తుంది. మిగిలేవి 2+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1, 2³²+1. అంటే 3, 5, 17, 257, 65537, 4294967297. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. 65537 కి కూడా 256 లోపు ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఓపిక ఉంటే చూసుకోండి. ఆరోది మిగిలింది.

ఆ ఆరోదాని వెనక కథ ఉంది. ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 1640 ప్రాంతంలో రాసిన ఉత్తరాల్లో ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకం చెప్పాడు, అందుకే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. 4294967297 ని ఎవరూ విరగ్గొట్టలేదు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1732లో, స్విట్జర్లాండ్‌కు చెందిన గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. 641! మూడంకెల సంఖ్య. మరి అంతకాలం ఎందుకు పట్టిందంటే, గుడ్డిగా వెతికితే 641 దాకా ప్రధాన సంఖ్యలు వందకు పైగా ఉన్నాయి, పదంకెల సంఖ్యను అన్నింటితో భాగించాలి. ఆయిలర్ గుడ్డిగా వెతకలేదు. ఒక ప్రధాన సంఖ్య 2³²+1 ని భాగిస్తే దానితో 2³² ని భాగించినప్పుడు శేషం −1, అప్పుడు 2⁶⁴ కి శేషం 1, అంతకంటే చిన్న ఏ ఘాతానికీ 1 రాదు. కానీ ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసిన ఘాతానికి కూడా శేషం 1 రావాలి. శేషం 1 మొదటిసారి 64 దగ్గర వచ్చింది కాబట్టి ఆ తర్వాత 64 గుణిజాల దగ్గరే వస్తుంది, అంటే ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలేది 64 గుణిజం అయి తీరాలి. అంటే వెతకాల్సినవి 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో ప్రయత్నంలోనే దొరికింది. ఫెర్మా సంఖ్యను పడగొట్టడానికి ఫెర్మా సిద్ధాంతమే పనికొచ్చింది, దాన్ని ఫెర్మాయే వాడి చూసి ఉంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

భాగాహారం కూడా అక్కర్లేకుండా 641 సంగతి తేల్చే ఒక చిన్న నిరూపణ ఉంది, ప్రతి సంవత్సరం క్లాసులో చెబుతాను, ప్రతిసారీ వెనక బెంచీ నుంచి కూడా ఎవరో ఒకరు "మళ్లీ చెప్పండి సార్" అంటారు. 641 ని రెండు రకాలుగా రాయండి. ఒకటి, 640 + 1, అంటే 5 × 2⁷ + 1. రెండు, 625 + 16, అంటే 5⁴ + 2⁴. మొదటిదాన్నిబట్టి 641తో భాగిస్తే 5 × 2⁷ కి శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ కి శేషం 1. రెండోదాన్నిబట్టి 5⁴ కి బదులు −2⁴ వేసుకోవచ్చు. వేయండి: −2⁴ × 2²⁸, అంటే −2³², దీని శేషం 1. కాబట్టి 2³² + 1 కి శేషం సున్నా. అయిపోయింది.

641తో భాగిస్తే 6700417 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్యేనా అంటే దానికీ చేత్తో దారి ఉంది. 1878లో ఫ్రెంచి గణితవేత్త లూకా పై నియమాన్ని ఇంకా బిగించాడు, 64 గుణిజం చాలదు, 128 గుణిజం కావాలని చూపించాడు. 6700417 వర్గమూలం 2588 చిల్లర. ఆ లోపు 128 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలు ఇరవయ్యే, వాటిలో ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409, ఐదంటే ఐదు. ఫెర్మా సంఖ్యల్లో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి 257 పోయింది. 641కి శేషం 44, 769కి 120, 1153కి 334, 1409కి 622. ఏదీ సున్నా కాదు, కాబట్టి 6700417 ప్రధాన సంఖ్యే. ఇరవై అంకెల సంఖ్య మొత్తం విడిపోవడానికి మనం చేసిన పెద్ద భాగాహారాలు నాలుగో ఐదో.

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు కాబట్టి భాజకాలు 2⁷, అంటే 128. వీటిలో 641, 6700417 రెండూ లేని భాజకాలు 32, ఒకటిని తీసేస్తే 31. ఈ 31కి ఒక గొప్ప గుర్తింపు ఉంది: స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగల క్రమ బహుభుజుల్లో, భుజాల సంఖ్య బేసి అయినవి ఇప్పటిదాకా తెలిసినవి ఇవే, త్రిభుజం నుంచి 4294967295 భుజాల దాకా. గాస్ 1796లో 17 భుజాలది సాధ్యమని కనుక్కున్నాడు, ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు అప్పటికి. వేరేవి కుదరవని 1837లో వాంజెల్ నిరూపించాడు. 65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య దొరికితే ఈ జాబితా పెరుగుతుంది, కానీ ఈ రోజు దాకా ఒక్కటీ దొరకలేదు.

ఇక నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం. ఈ సంఖ్య తెలుగులో కంప్యూటర్ల కంటే చాలా ముందే పద్యంలో ఉంది. తొమ్మిదో శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లన పద్యంగా ఇది ప్రసిద్ధం. చదరంగం పలకలో 64 గళ్లు, మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిలో రెట్టింపు, అలా చివరిదాకా, మొత్తం ఎన్ని అనేది లెక్క. జవాబు చంపకమాలలో ఇలా మొదలవుతుంది:

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాగ్నిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశు సంఖ్య...

ఇది భూతసంఖ్య, అంకెకు బదులు ఆ అంకెను గుర్తుచేసే వస్తువు పేరు. అంకెలు ఎడమవైపుకి నడుస్తాయి, అంటే ముందు చెప్పేది ఒకట్ల స్థానం. పదం పదం చూద్దాం. శర, మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్క 6. చంద్ర 1. శర 5. సాయక, అదీ బాణమే, 5. రంధ్ర 9. వియత్, ఆకాశం, 0. నగ, కొండ, 7. అగ్ని 3. భూధర, మళ్లీ కొండ, 7. గగన 0. అబ్ధి, సముద్రం, 4. వేద 4. గిరి 7. తర్క 6. పయోనిధి, సముద్రమే, 4. పద్మజాస్య, అంటే బ్రహ్మ ముఖాలు, 4. కుంజర, దిగ్గజాలు, 8. తుహినాంశు, మళ్లీ చంద్రుడే, 1. ఇప్పుడు వెనక నుంచి చదవండి: 1 8 4 4 6 7 4 4 0 7 3 7 0 9 5 5 1 6 1 5. మీ స్క్రీన్ మీద వచ్చిన సంఖ్యే, అంకె తేడా లేదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా తెలుగు మాస్టారు ఈ పద్యం బోర్డు మీద రాసి విప్పుకు రమ్మన్నారు, నేను సప్తసముద్రాలు కదా అని అబ్ధికీ పయోనిధికీ 7 వేసుకుని వెళ్లాను. ఆయన నా కాగితం మీద అంకెలన్నీ కూడి 93 అన్నారు, 9 + 3 = 12, 1 + 2 = 3. తర్వాత రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరిగి వస్తాయని రాసి చూపించారు. 64లో పది ఆర్లు పోగా 4 మిగులుతుంది, నాలుగో శేషం 7, అందులోంచి ఒకటి తీస్తే 6 రావాలి, నాకు 3 వచ్చింది, కాబట్టి ఎక్కడో తప్పు చదివాను. భూతసంఖ్యల్లో సముద్రం అంటే 4, నాలుగు దిక్కుల సముద్రాలు. సరిచేస్తే మొత్తం 87, 8 + 7 = 15, 1 + 5 = 6. తెలుగు మాస్టారు లెక్కతో పద్యం తప్పు పట్టుకున్న ఆ రోజు నుంచే నాకు లెక్కలు వేరుగా కనపడడం మొదలైంది.

ఇంకో సంగతి గమనించండి. ఈ ఇరవై అంకెల్లో 0 నుంచి 9 దాకా అన్నీ ఉన్నాయి, 2 ఒక్కటే లేదు. రెట్టింపులతోనే పుట్టిన సంఖ్యలో రెండు అనే అంకే కనపడదు, అందుకే పద్యంలో నేత్రం, కరం, పక్షం లాంటి మాటలు ఒక్కటీ లేవు. ఇది కేవలం పదింటి లెక్కలో రాయడం వల్ల కుదిరిన యాదృచ్ఛికమే, దీని వెనక సిద్ధాంతం ఏమీ లేదు, కానీ పద్యం కంఠతా పట్టేవాళ్లకు మంచి గుర్తు. ఏడు మూడుసార్లు వస్తే నగ, భూధర, గిరి అని మూడు మాటలు, నాలుగు నాలుగుసార్లు వస్తే అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని నాలుగు మాటలు. యతి, ప్రాస, గణాలు తప్పకుండా ఇరవై అంకెలను వరసగా పేర్చడం ఎంత కష్టమో ఒక ఫోన్ నంబరుతో ప్రయత్నించి చూడండి.

గింజలు ఎన్నో ఊహకు అందాలంటే, గ్రాముకు 50 బియ్యపు గింజలు వేసుకుంటే సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నుల పైమాట కాబట్టి ఏడు వందల ఏళ్ల పంట. పై లూకాయే 1883లో హనోయ్ గోపురం అనే ఆట తెచ్చి, దానికి కాశీ గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి మారుస్తున్నారనే కథ జోడించాడు. కనీసం కావాల్సిన ఎత్తుగడలు ఇవే, 2⁶⁴ − 1. సెకనుకొకటి చొప్పున సుమారు 58,494 కోట్ల ఏళ్లు, విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లకు నలభై రెండు రెట్లు.

ఇంత సులభంగా విడిపోయింది కదా అని ఈ రూపంలో ఉన్నవన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి, 64 కాస్త ఇటూ అటూ జరిగితే కథ పూర్తిగా మారిపోతుంది. 2⁶¹ − 1 ప్రధాన సంఖ్య, పెర్వూషిన్ 1883లో తేల్చాడు. 2⁶⁷ − 1 ని మెర్సెన్ 1644లో ప్రధాన సంఖ్యల జాబితాలో వేశాడు, అది తప్పు, 193707721 × 761838257287 అని కోల్ 1903లో చూపించాడు. 67 ప్రధాన సంఖ్య కాబట్టి దాన్ని ముక్కలుగా కోయడానికి వీల్లేదు, మన 64 ఒకట్లను కోసినట్టు అక్కడ కుదరదు, అదే తేడా.

ఈ ఏడు కారణాంకాలు ఇప్పటికీ పనికొస్తాయి. 64 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్లలో కొన్ని రకాలు సున్నా తప్ప మిగతా స్థితులన్నీ తిరిగి మొదటికి రావాలి, అంటే సరిగ్గా 2⁶⁴ − 1 అడుగులు. అలా పూర్తిగా తిరుగుతుందో లేదో తేల్చడానికి అన్ని అడుగులూ నడవలేం కదా. పూర్తి అడుగుల తర్వాత మొదటికి వస్తుందని ఒకసారి చూసుకుని, ఈ సంఖ్యను ఏడు ప్రధాన సంఖ్యలతో విడివిడిగా భాగించి, ఆ ఏడు చోట్లా మొదటికి రాలేదని చూస్తే చాలు. మొత్తం ఎనిమిది పరీక్షలు.

మీరు ఇవన్నీ కంప్యూటర్ మీద సరిచూసుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఎక్సెల్‌లో టైప్ చేయకండి, 15 అంకెల తర్వాత సున్నాలు పెట్టేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబరుగా ఇస్తే 18446744073709552000 అని చూపిస్తుంది, దశాంశ రకానికి 53 బిట్ల ఖచ్చితత్వమే ఉంటుంది కాబట్టి. నా దగ్గరికి వచ్చే పిల్లలు "సార్, 3తో పోవట్లేదు" అని టెన్షన్ పడుతూ వచ్చినప్పుడల్లా కారణం ఇదే. పైథాన్ వాడండి, ఏ ఇబ్బందీ ఉండదు.

ఇంత దూరం చదివారు కాబట్టి ఒక పని ఇస్తాను. దీనికి రెండు కలిపితే 2⁶⁴ + 1, తర్వాతి ఫెర్మా సంఖ్య. దాన్ని లాండ్రీ 1880లో 274177 × 67280421310721 అని విడగొట్టాడు. ఇక్కడ లూకా నియమం ప్రకారం 256 గుణిజానికి ఒకటి కలిపిన సంఖ్యలనే వెతకాలి, 274177 ఆ వరసలో 1071వది. రెండు లైన్ల లూప్ రాసి మీరే పట్టుకోండి. సీ భాషలో రాస్తే మాత్రం 128 బిట్ల రకం పెట్టుకోండి, 64 బిట్లలో 2⁶⁴ + 1 పట్టదు, చుట్టు తిరిగి ఉత్త 1 అయిపోతుంది.